నెల్లూరితీరమున రెండవత్రోవ

నెల్లూరిమండలమునకు తూర్పున సముద్రము గలదు. కాని సముద్రము గలదనుట వేఱు, రేవు గలదనుట వేఱు. దక్షిణమున పులికాటు సరస్సు మొదలుకొని, పెన్న కడలిలో గలియు చోటును దాటి, ఉత్తరమున రామాయపట్టణము వఱకును తీరమంతయు ఇసుకనేలయే. కెరటములు దూరముననే విఱిగిపడును. పెద్ద యోడలు దరి జేరజాలవు. కృష్ణపట్టణమునొద్ద కండలేటిపాయ సముద్రమున గలియు తావున మాత్రము కొంత లోతు గలదు. పూర్వకాలమున ఓడలు దూరమున లంగరు దించి నిలిచియుండగా, పలకలను నారత్రాళ్లతో గుట్టిన మసూలాపడవలు సరకులను ఒడ్డునకు జేర్చుచుండెను. ఆశ్వయుజ కార్తికములలో గాలివానలు ఈ తీరమును తాకుట పరిపాటి. పెన్నయో, వేసవియందు ఇసుకతిన్నె, వానకాలమున ఒక్క రాత్రిలో దారుల నన్నిటిని ద్రుంచు మహానది.

ఇట్టి తీరము మీదుగ శతాబ్దములతరబడి ధాన్యము, ఉప్పు, వస్త్రము, వంటచెఱకు, కర్పూరము, గుఱ్ఱములు రాకపోకలు జరిపినవి. ఎట్లు జరిపినవి? ఆపత్తు వచ్చినప్పుడు వాని గతి యేమయ్యెను? రాజవంశముల క్రమమును, కవుల కాలమును విమర్శించినవారు పెక్కండ్రు గలరు. సరకుల త్రోవలను విమర్శించినవారు అంతమంది లేరు. ఇటీవలి సంగతులు ఈ విచారమును మరల అవసరముగ జేసినవి. 2020 లో మహమ్మారి వ్యాపింపగా రేవులును కర్మశాలలును స్తంభించెను. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అను నొక్క యోడ సూయజు కాలువలో అడ్డము దిరిగి ఆఱు దినములు ఖండాంతర వాణిజ్యమును నిలిపివేసెను. ఒక్క త్రోవను మాత్రమే నమ్ముకొన్న జాతి ఆ త్రోవ మూసికొన్ననాడు ఏమగునను ప్రశ్న ఇప్పుడు లోకమంతటను వినవచ్చుచున్నది. నెల్లూరితీరమునకు ఈ ప్రశ్న క్రొత్తది గాదు.

కౌటిల్యుని యర్థశాస్త్రమున కోష్ఠాగారాధ్యక్షుని ప్రకరణములో నొక నియమము గలదు. కూడబెట్టిన ధాన్యాదులలో సగమును జానపదుల యాపద కొఱకు వేఱుగ నుంచవలెననియు, తక్కిన సగమునే వ్యయింపవలెననియు, క్రొత్తది వచ్చినప్పుడు పాతదానిని దానితో మార్చుచుండవలెననియు దాని భావము. ఈ మూడింటిలో కడపటిది ముఖ్యము. నిలువ యుంచవలెనను తలంపు ఎవ్వరికైనను దోచును. నిలువ చెడకుండ ఏటేట మార్చుటలోనే పాలకుని శ్రద్ధ తెలియును. ఆ గ్రంథముననే నావధ్యక్షుని ప్రకరణమున మఱియొక విధి గలదు. గాలిదెబ్బ తిని త్రోవ దప్పి వచ్చిన నావను రాజు తండ్రివలె ఆదుకొనవలెను. నీట దడిసిన సరకునకు సుంకము మానివేయుటయో, సగము చేయుటయో కర్తవ్యము. ఆపత్తువలని నష్టమును వర్తకుడొక్కడే మోయరాదు, అందు రాజునకును పాలు గలదను నభిప్రాయము ఇందు స్పష్టము.

శాస్త్రమున నున్నది తీరమున జరుగవలెనను నియమము లేదు. పగిలి యొడ్డున బడిన యోడలోని సరకు ఆ యొడ్డు నేలు రాజుదేయను నాచారము ఈ తీరమున చిరకాలము సాగినది. దీనిని మాన్పినవాడు కాకతి గణపతిదేవుడు. నేటి నెల్లూరు జిల్లాకు ఉత్తరముగ, అదే తీరమున, చినగంజాము చెంతనున్న మోటుపల్లిలో శా. శ. 1166, అనగా క్రీ. శ. 1244-45 నాటి యభయశాసనము నేటికిని గలదు. గణపతిదేవుని ప్రభావము నెల్లూరి వఱకును వ్యాపించియున్న కాలమది. మనుమసిద్ధికి పోయిన రాజ్యమును మరల నిప్పించినది ఆయన సైన్యమేకదా. శాసనసారాంశ మిది: ఒక దేశమునుండి మఱియొక దేశమునకు బోవుచు గాలివానచే దెబ్బతిని తీరమునకు గొట్టుకొనివచ్చిన యోడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మున్నగువానిని పూర్వరాజులు బలిమి గైకొనుచుండిరి, ప్రాణముకన్న ధనము మిన్నయని తలచి సముద్రప్రయాణమను మహాసాహసమునకు బూనిన వర్తకులకు గణపతిదేవుడు దయచేతను, కీర్తిధర్మముల కొఱకును, ఏర్పడిన సుంకము దక్క తక్కిన సర్వమును విడిచిపెట్టినాడు. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకము ముప్పదింట నొకపాలు. పిమ్మట గంధము, కర్పూరము, చీనికర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, రాగి, సీసము, పట్టునూలు, పగడములు, మిరియములు, పోకలు మున్నగువానిపై సుంకములు వివరింపబడినవి.

దీనిని దయాశాసనమని మెచ్చుకొని విడిచిపెట్టుట తగదు. దయ యున్నమాట నిజమే. దయతో గూడిన లెక్కయు గలదు. ఓడ పగిలినప్పుడు సగము సముద్రమును, సగము రాజును గైకొన్నచో, వర్తకుడు ఆ భయమును ముందుగనే వెలలో జేర్చును. లేదా ఆ రేవునకు రానేరాడు. గాలివాన కొట్టినయేడే సరకు మిక్కిలి యవసరము. ఆ యేడే అతడు రాకుండును. రాజు తన యప్పటి లాభమును విడిచి ఎప్పటికిని తెగని రాకపోకలను సంపాదించినాడు. యుద్ధమునకు వలసిన గుఱ్ఱములు సముద్రముమీదనే వచ్చుచుండినందున రాజ్యరక్షణమును ఇందు ఇమిడియున్నది. అభయ మొక్కమాఱిచ్చిన చాలదనుటకు గూడ మోటుపల్లియే సాక్ష్యము. కాకతీయులు పోయిన పిమ్మట 1358 లో అనవోతరెడ్డి అచ్చటనే వర్తకులకు సుంకములు తగ్గించి క్రొత్తగ శాసనము వేయింపవలసివచ్చెను. నమ్మకము సైతము ధాన్యమువంటిదే; మార్చుచుండనిచో పుచ్చిపోవును.

సముద్రవర్తకునకు సంస్కృతమున సాంయాత్రికుడని పేరు. సంయాత్ర యనగా కూడి చేయు ప్రయాణము. దానిమీద తద్ధితప్రత్యయము వచ్చి యీ రూప మేర్పడినది. కడలిమీది వర్తకునకు ఈ ‘కూడి’యను నర్థము చేరుట గమనింపదగినది. భాషను గల్పించినవారికి కడలిలో ఒంటరిపోక తగదని తెలిసియుండును. కృష్ణపట్టణశాసనములలో కొల్లిత్తుఱై యనియు, నెల్లూరి చోడుల బిరుదునుబట్టి గండగోపాలపట్టణమనియు వ్యవహరింపబడిన రేవు ఇట్టి కూడిన వర్తకులకు స్థానమే.

పదునేడవ శతాబ్దిలో ఆంగ్లవర్తకసంఘము ఈ తీరమునకు వచ్చిన విధము సైతము రెండవత్రోవ కథయే. వారి మొదటి తావు మచిలీపట్టణము. అచ్చటి యధికారుల నిర్బంధములకు తాళలేక, ఒక్క రేవునే నమ్మియుండుట ప్రమాదమని యెఱిగి, 1626 లో నేటి తిరుపతి జిల్లాలో జేరిన దుగరాజపట్టణమున, తాము ఆర్మగామని పిలుచుకొన్న తావున, ఒక కోఠీ గట్టి ఫిరంగుల నుంచిరి. 1628 లో మచిలీపట్టణపు కోఠీవారు ఇచ్చటికే తరలివచ్చిరి. 1632 లో గోలకొండ సుల్తాను ఫర్మానా దొరకగా మరల మచిలీపట్టణమున నిలువద్రొక్కుకొనిరి. ఆర్మగాములో నేతబట్ట చాలినంత దొరకలేదు. అందువలన అచ్చటి ఫ్రాన్సిస్ డే దక్షిణముగ బోయి 1639 లో చెన్నపట్టణపు తావును సంపాదించెను. ఆర్మగాము విడువబడెను, నేడచ్చట చూడదగిన దేమియు లేదు. దుగరాజపట్టణము లేకున్న చెన్నపట్టణమును లేదని నెల్లూరివారు అప్పుడప్పుడు గర్వముతో ననుట గలదు. అది కొంచె మతిశయోక్తియైనను కేవల మసత్యము గాదు.

ఆ చెన్నపట్టణము పెరిగి పెద్దదైన పిమ్మట దానికి బియ్యము, ఉప్పు, వంటచెఱకు ఎచ్చటనుండి రావలెనను ప్రశ్న పుట్టెను. దానికి నెల్లూరితీర మిచ్చిన సమాధానమే బకింగుహాము కాలువ. 1801 లో పని మొదలై 1806 నాటికి బాసిల్ కాక్రేను అను వర్తకుడు చెన్నపట్టణమునుండి ఎన్నూరు వఱకు ఉప్పునీటి కాలువ త్రవ్వించెను. పిదప అది పులికాటు వఱకు సాగెను. 1837 లో ప్రభుత్వము దానిని తన వశము చేసికొనెను. తీరమునకు సమాంతరముగ నున్న ఉప్పుటేళ్లను, పాయలను, సరస్సులను ఒకదానితో నొకటి గలుపుచు ముక్కముక్కలుగ ఉత్తరమునకు బ్రాకిన యీ కాలువ పూర్తియగుటకు ఒక మహాక్షామము గావలసివచ్చెను.

1876 లో వానలు దప్పెను. 1878 వఱకు చెన్నపురి రాజధానిలోని జిల్లాలు కఱవున మ్రగ్గెను, నెల్లూరు అందొకటి. లక్షలకొలది జనులు మడిసిరి. ఆ కాలమున గవర్నరు బకింగుహాము ప్రభువు. ఆయన ప్రభుత్వము 1876 చివర రహస్యముగ 30,000 టన్నుల ధాన్యమును గొని నిలువచేయ బూనెను. ప్రభుత్వము ధాన్యము గొన్నచో స్వేచ్ఛావాణిజ్యమునకు భంగమని హిందూదేశప్రభుత్వము దీనిని తప్పుబట్టెను. 1877 లో లిట్టను ప్రభువు పంపగా వచ్చిన సర్ రిచర్డు టెంపులు కఱవుపనులలోని కూలిని తగ్గించి, మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమునకు దగిన సొమ్మును, పైన ఒక అణాయు జాలునని నిర్ణయించెను. సగము నిలువ యుంచుమన్న యర్థశాస్త్రము అప్పటికి వెలికి రాలేదు. మైసూరున శామశాస్త్రిగారు దానిని ప్రకటించుట 1909 లో జరిగినది. వెలికి వచ్చియున్నను లిట్టను ప్రభువు చదివియుండునని తలపరాదు. అప్పటి పాలకుల సిద్ధాంతమున ధాన్యము వెల యున్న చోటికి దానంతట పోవును. పోయినమాట నిజమే. వెల యియ్యగలవారి యొద్దకు బోయినది.

ఆ కఱవుకూలికే ఈ కాలువ త్రవ్వబడినది. కూవము, అడయారు నదులను గలుపు భాగము 1877-78 లో పూర్తియయ్యెను. ఉత్తరమున కాలువ పెదగంజామునొద్ద కొమ్మమూరు కాలువతో గలిసెను. 1878 లో గవర్నరు పేరు దీనికి బెట్టిరి. త్రవ్వినవారి పేరులు పెట్టవలెననిన కాలువ పొడవు చాలదు. పెదగంజామునుండి దక్షిణమున మరక్కాణము వఱకు దీని పొడవు సుమారు 420 కిలోమీటర్లు. అందు ఆంధ్రభాగము 257. కొమ్మమూరు కాలువద్వారా బెజవాడకును, ఏలూరు కాలువద్వారా గోదావరికిని, అటనుండి కాకినాడకును నీటిమీదనే పోవ వీలయ్యెను. పెదగంజాము మోటుపల్లికి మిక్కిలి చేరువ. గణపతిదేవుడు అభయమిచ్చిన రేవు పాడుపడినను, సరకులు మరల దాని ప్రక్కనుండియే సాగుట విధివిలాసము.

ఈ కాలువ సముద్రమునకు దాపుననే యున్నను సముద్రముతో బోరాడదు. గాలివానకు ఓడలు లంగరు తెంచుకొనునప్పుడు పడవలు పాయలలో దాగి, తెఱపి యిచ్చినంతనే మరల సాగును. గాలి యున్నచో చాప యెత్తుదురు; లేకున్న గడ వేయుదురు, లేదా గట్టుమీద నడచుచు త్రాటితో లాగుదురు. బొగ్గు అక్కఱలేదు, విదేశయంత్రము అక్కఱలేదు. ఇసుకపల్లి, కృష్ణపట్టణము మున్నగు తావుల ఉప్పు, శ్రీహరికోట యడవుల వంటచెఱకు, పులికాటు గుల్లసున్నము, పెన్నడెల్టా ధాన్యము ఈ త్రోవను బోయినవి. 1855 లో పెన్నపై నెల్లూరియొద్ద ఆనకట్ట గట్టిన పిదప డెల్టా ధాన్యము స్థిరపడెను. నెల్లూరి మొలగొలుకుల బియ్యము పేరు చెన్నపురి సంతలలో నెఱుగనివారు లేరు. చెన్నపురి పొయ్యిలోని కట్టెయు, కుండలోని బియ్యమును, అందులోని యుప్పును ఒక్క కాలువ వెంట వచ్చెననుట యుక్తము.

ఉప్పును గూర్చి కొంత చెప్పవలసియున్నది. 1805 లో కంపెనీ చెన్నపురి రాజధానియందు ఉప్పుపై సర్వాధికారమును గైకొనెను. 1930 లో మైపాడు తీరమున సత్యాగ్రహులు ఉప్పు వండి దాని నెదిరించిరి. ఆ యన్యాయ మట్లుండగా, ఉప్పు తయారగుట మాత్రము ఈ తీరమున నిలువలేదు. వంగదేశమున వేఱువిధముగ జరిగెను. పందొమ్మిదవ శతాబ్ది యుత్తరార్ధమున అచ్చటి ఉప్పుపని మూతబడి, ఇంగ్లండునుండి ఓడలలో వచ్చు ఉప్పు చవుకయని దానినే నమ్ముకొనిరి. 1914 లో మొదటి మహాయుద్ధము వచ్చి ఓడలు కరవుగాగా వంగదేశమున ఉప్పు వెల మిక్కుటముగ బెరిగెను. ఎదుట సముద్ర ముండగా ఉప్పునకు దేవురించుట! చవుక యనుమాటలో ఏ కాలపు వెల లెక్కింపబడినదో విచారింపవలెను. 1942 లో బర్మా జపానీయుల వశము కాగా బియ్యమునకును ఇదే గతి పట్టెను. బర్మా బియ్యమును దినుచుండిన దేశభాగములు ఒక్కమాఱుగ కొఱతబడెను. 1943 నాటి వంగక్షామమునకు గల కారణములలో నిది యొకటి. చేరువలో పెన్నడెల్టా వంటి ధాన్యపునేలలును, వానిని గలుపు రైలును, కాలువయు నుండుట చెన్నపురికి అప్పుడు ఊఱట.

1899 లో బెజవాడ చెన్నపట్టణముల నడుమ రైలు నడిచినది మొదలు కాలువకు ఎదురుగాలి మొదలయ్యెను. రైలు త్వరితము, పిదప వచ్చిన లారీ ఇంటి వాకిటికే వచ్చును. పడవ నిదానము. పూడిక తీయవలె, లాకులు బాగుచేయవలె, గట్లు నిలుపవలె. ఈ వ్యయ మంతయు ఏటేట గనబడును. దానివలని రక్షణ ఆపత్తు నాడు దక్క కనబడదు. 1965, 1966 సంవత్సరముల తుపానులలో కాలువ దెబ్బతినెను. 1976 నాటి తుపానుతో ప్రయాణయోగ్యత చాలవఱకు నశించెను. రైలునకు గండి పడినప్పుడు త్వరలోనే పూడ్చిరి. కాలువకు పడిన గండిని పూడ్చుట కెవ్వరును త్వరపడలేదు. తుపాను కాలువను జంపెననుట పాక్షికసత్యము. తుపానులు అంతకుముందును వచ్చినవి. బాగుచేయవలెనను సంకల్పము అంతకుముందే చచ్చినది.

వ్యాకరణమున లోపము గూర్చి యొక సూత్రార్థము గలదు: ప్రత్యయము లోపించినను దానిని నిమిత్తముగ గొని జరుగవలసిన కార్యము జరుగును. 2004 డిసెంబరు 26 న సునామీ వచ్చినప్పుడు ఈ లుప్తమైన కాలువ అట్లే ప్రవర్తించెను. తీరమును దాటి వచ్చిన నీరు పలుచోట్ల కాలువలో బడి, ఉత్తర దక్షిణములకు పాఱి, మరల పాయలద్వారా కడలి జేరెను. కాలువకు పడమటనున్న పల్లెలు కొన్ని ఆ విధముగ దప్పించుకొనెను. త్రవ్వించినవారు ఈ ప్రయోజనమును కలనైన దలచియుండరు.

2021 నవంబరులో జరిగినది వేఱు. ఆ నెల 19 న కడపజిల్లాలో చెయ్యేటిపైనున్న అన్నమయ్య ఆనకట్ట తెగెను, సోమశిలకు అపారమైన వఱద వచ్చెను, పెన్న పొంగెను. నెల్లూరికి ఉత్తరమున పడుగుపాడునొద్ద రైలుమార్గము క్రింది కట్ట కొట్టుకొనిపోయి పట్టాలు గాలిలో వ్రేలాడెను. ఆ చెంతనే చెన్నపట్టణమునుండి కలకత్తాకు బోవు రాజమార్గమునకు గండిపడెను. లారీలు మైళ్లకొలది నిలిచిపోయెను. రైళ్లు రద్దుచేయబడెను, కొన్ని చుట్టుదారిని మరలింపబడెను. దేశపు తూర్పుతీరమున ఉత్తరదక్షిణముల గలుపు రెండు ప్రధానమార్గములును ఒక్క నదియొక్క ఒక్క వఱదకు, ఒక్క యూరియొద్ద, ఒక్కనాడు తెగెను. అంతవఱకు రెండు త్రోవలు గలవని యందఱును నమ్మిరి. కాని రెండును ఒకే పెన్నను ఒకేచోట దాటుచుండెను. ఒక్క యాపత్తు రెంటిని గొట్టగలిగినప్పుడు అవి లెక్కకు రెండే గాని, ఆపత్కాలమున నొకటియే. సముద్రమైనచో ఆ దినములందు నౌకాయానమునకు మూసికొనలేదు. కాని లారీల సరకును అటనుండి గొనిపోవు చిన్నపడవలు తీరమున లేవు. కాలువ బాగుగనుండినను ఆ వఱదనాడు నడచియుండదని యనవచ్చును. అది పెన్నను ముఖద్వారమునొద్ద దాటుచుండెను గనుక నీరు తీసిన పిమ్మటనే పడవలు సాగును. అది యథార్థమే. ఐనను పడవకు పట్టాలు వేయ నక్కఱలేదు.

నేడు కృష్ణపట్టణమున లోతైన రేవు గలదు. 2008 లో అది తెఱవబడెను. బొగ్గు, ఎరువులు, వంటనూనె అచ్చట దిగును. రేవు చుట్టును నూనెశుద్ధిశాలలు వెలసినవి. భారతదేశము తాను వాడు వంటనూనెలో సగమునకు మించి పరదేశములనుండి తెచ్చుకొనుచున్నది. 2022 ఫిబ్రవరిలో యుక్రెయిను యుద్ధము మొదలుకాగా ప్రొద్దుతిరుగుడు నూనె రాక తఱిగెను. ఆ యేడే ఏప్రిలు 28 న ఇండొనేసియా తన తాటినూనె ఎగుమతిని నిషేధించి మే 23 న విడిచెను. ఆ కొద్ది దినములలోనే తెలుగునాట ఇల్లాండ్రు నూనె కొలత తగ్గించిరి. ఇచ్చట రేవునకు లోపము లేదు. త్రోవకును లోపము లేదు. మూలమొక్కటే యగుట లోపము. నువ్వులు, వేరుసెనగ పండు నేల ఉదయగిరి, ఆత్మకూరుల మెట్టలలో గలదు. గానుగలు నిలిచిపోయిన యూళ్లును గలవు. వంగదేశపు ఉప్పుకథకు దీనికి భేదము కొలతలో దక్క స్వభావమున లేదు.

కాలువను బునరుద్ధరింపవలెనను యోచన పుట్టకపోలేదు. 2008 లో కృష్ణా గోదావరులను, కాకినాడ పుదుచ్చేరుల నడుమ కాలువలను జేర్చి, 1,078 కిలోమీటర్ల త్రోవను నాల్గవ జాతీయజలమార్గముగ శాసించిరి. బకింగుహాము కాలువ యందొక భాగము. 2017 లో మొదటివిడత పని కృష్ణయందు ముక్త్యాల, విజయవాడల నడుమ ఆరంభింపబడెను. నెల్లూరిభాగమున లాకులను, పూడికను, కాలువలోనికి జొచ్చిన రొయ్యలచెఱువుల కట్టలను ముందు చూడవలసియున్నది. పెన్నను దాటు చోట ఇసుకమేట యెప్పటికప్పుడు తీయకున్న ఎంత లోతు త్రవ్వినను ఒక్క వానకాలమున నిండిపోవును.